యానాం బిల్లు, తాళ్లరేవు బిల్లు

గోదావరి డెల్టాలో ఇళ్ల కరెంటు ధరలను పోల్చి చూడాలంటే దూరం వెళ్లనక్కరలేదు. యానాం పొలిమేర దాటితే తాళ్లరేవు మండలంలోని నీలపల్లి, ఇంజరం వచ్చేస్తాయి. మాట, పంట, ఉక్కపోత అన్నీ ఒకటే అయినా, యానాం ఇంటికి కరెంటు ఇచ్చేది పుదుచ్చేరి ప్రభుత్వ విద్యుత్ శాఖ, నీలపల్లి ఇంటికి ఇచ్చేది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ. అక్కడి ధరలను గోవాకు, కేంద్రపాలిత ప్రాంతాలకు కలిపి ఏర్పడిన సంయుక్త నియంత్రణ మండలి ఖరారు చేస్తే, ఇక్కడివి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది. ఈ రెండు బిల్లులను పక్కపక్కన పెట్టి చూడటం మన రాష్ట్రంలోని ధరల విధానాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపయోగపడుతుందని మా నమ్మకం.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 1న పాత మూడు గ్రూపుల విధానం పోయి ఆరు శ్లాబుల విధానం వచ్చింది. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, ఆపైన 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, అది దాటితే రూ.9.75గా ఆ ఉత్తర్వులో ధరలు నిర్ణయించారు. పుదుచ్చేరికి 2024లో ఖరారైన ధరల ప్రకారం మొదటి 100 యూనిట్లకు రూ.2.70, 200 వరకు రూ.4, 300 వరకు రూ.6, ఆపైన రూ.7.50. రెండు చోట్లా ఎక్కువ వాడినవారికి కింది శ్లాబుల లాభం పోదు కాబట్టి లెక్క కట్టడం తేలికే.

ఈ ధరల ప్రకారం నెలకు 50 యూనిట్లు వాడే ఇంటికి, వినియోగ ఛార్జీ, అంటే వాడిన యూనిట్ల ధర వరకే చూస్తే, నీలపల్లిలో రూ.117, యానాంలో రూ.135 అవుతాయి. రెండు బల్బులు, ఒక ఫ్యానుతో బతికే కుటుంబానికి మన ధరలే చౌక అన్నమాట. ఈ మేలు చెక్కుచెదరకూడదు. అయితే 80 యూనిట్లు దాటగానే తక్కెడ అటు మొగ్గుతుంది. 100 యూనిట్ల దగ్గర మనకు రూ.304.50, వారికి రూ.270, 200 యూనిట్ల దగ్గర మనకు రూ.867, వారికి రూ.670, 300 యూనిట్లకు చేరితే మనకు రూ.1,673, వారికి రూ.1,270. ఫ్రిజ్, రెండు మూడు ఫ్యాన్లు, నీళ్ల మోటారు ఉండి, రోహిణి కార్తెలో పిల్లల కోసం రాత్రిపూట ఒక టన్ను ఏసీ వేసుకునే ఇల్లు సంపన్నుల ఇల్లేమీ కాదు. ఏసీ ఒక్కటే రోజుకు ఆరేడు యూనిట్లు తాగుతుంది. సముద్రపు తేమతో ఒళ్లంతా జిడ్డుకట్టే ఈ ప్రాంతంలో అలాంటి ఇల్లు 226వ యూనిట్‌కు రూ.8.75 కట్టవలసి రావడం, అదే యూనిట్ 2024 ధరల ప్రకారం పొలిమేర అవతల రూ.6కే దొరకడం మాకు న్యాయంగా తోచడం లేదు.

ఈ తేడాకు కారణాలు లేకపోలేదు. పుదుచ్చేరికి కరెంటు ప్రధానంగా కేంద్ర విద్యుత్ కేంద్రాల కేటాయింపు నుంచి వస్తుంది. వ్యవసాయ పంపుసెట్ల భారం అక్కడ చాలా తక్కువ. ఆంధ్రప్రదేశ్ 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్ ఇస్తోంది. అది కొనసాగాలి; దాని ఖర్చు ప్రభుత్వ రాయితీ నుంచి రావాలే గాని మధ్యతరగతి ఇంటి మీద పడకూడదు.

అసలు చిక్కు శ్లాబు పట్టికలో కనిపించని చోట ఉంది. స్థిర ఛార్జీ, వినియోగదారు ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం పక్కనపెడితే, బిల్లులో ఎవరికీ అంతుపట్టనిది సర్దుబాటు ఛార్జీ. విద్యుత్ కొనుగోలు వ్యయం అంచనా దాటితే నెలనెలా యూనిట్‌కు 40 పైసల వరకు వసూలు చేసుకునే వీలుంది. అది చాలక మిగిలినది తర్వాత ట్రూఅప్ పేరుతో వస్తుంది. 2022-23లో వాడిన కరెంటుకు సంబంధించి రూ.6,072 కోట్ల వసూలుకు 2024 అక్టోబరులో అనుమతి దొరికి, ఆ ఏడాది డిసెంబరు నుంచి 15 నెలల పాటు బిల్లుల్లో చేర్చే ఏర్పాటు జరిగింది. అమలాపురంలోనో, భీమవరంలోనో అద్దె ఇల్లు మారిన కుటుంబం అంతకుముందు అందులో ఉన్నవారి వాడకానికి డబ్బు కట్టే పరిస్థితి దీనివల్ల వస్తుంది. రెండేళ్ల నాటి ఖర్చు ఇవాళ్టి బిల్లులో కలిసిపోతే, ఏ రెండు ప్రాంతాల ధరలనైనా నిజాయితీగా పోల్చడం సాధ్యపడదు. యానాం బిల్లులోనూ స్థిర ఛార్జీ, సర్‌ఛార్జీలు ఉంటాయి కనుక పైన మేము చూపిన అంకెలు పూర్తి బిల్లులు కావని పాఠకులు గుర్తించాలి.

యానాం వారిది నిశ్చింత బతుకని మేము అనడం లేదు. 2024 ఉత్తర్వుకు ముందు వారికి మొదటి 100 యూనిట్లు రూ.2.25కే వచ్చేవి. విద్యుత్ శాఖను ప్రైవేటుపరం చేసే ప్రయత్నం 2022లో ఉద్యోగుల సమ్మెకు దారితీసింది. తమ మాట చెప్పుకోవాలంటే రాజధాని పుదుచ్చేరి రోడ్డు మార్గాన 800 కిలోమీటర్లకు పైగా ఉంది.

ఇంకొక మాట చెప్పక తప్పదు. జేగురుపాడు, వేమగిరి, విజ్జేశ్వరం, కాకినాడల్లో గ్యాస్ ఆధారిత విద్యుత్ కేంద్రాలను ఈ నేలలో దొరికే సహజవాయువును నమ్ముకునే కట్టారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ దిగుబడి పడిపోయాక వాటిలో చాలా సామర్థ్యం ఏళ్ల తరబడి పనిలేకుండా పడి ఉంది. బావులు, పైపులైన్ల ప్రమాదాన్ని భరిస్తున్న కోనసీమ ఇళ్లకు దాని ఫలం కరెంటు బిల్లులో కనిపించలేదు.

పంపిణీ సంస్థలు ఏటా నవంబరు నెలాఖరులోగా వచ్చే ఏడాది ఆదాయ, వ్యయ అంచనాలను మండలికి సమర్పించాలి. ఆ తరువాత బహిరంగ విచారణ జరుగుతుంది. ఈసారి ఆ ప్రతిపాదనలతో పాటు 50, 100, 200, 300 యూనిట్ల ఇళ్లకు అన్ని ఛార్జీలు కలిపిన పూర్తి బిల్లు ఎంతవుతుందో, యానాంతో సహా పొరుగు సంస్థల్లో ఎంతవుతుందో పట్టికగా, తెలుగులో ప్రచురించాలని మండలిని కోరుతున్నాం. 126 నుంచి 400 యూనిట్ల మధ్య శ్లాబులను వేసవి నాలుగు నెలలకైనా సడలించాలి. ట్రూఅప్ మొత్తాన్ని ఖర్చు జరిగిన ఏడాది ముగిసిన ఆరు నెలల్లోపే తేల్చాలని, గడువు దాటితే ఆ భారం ఇళ్ల మీద వేయరాదని నిబంధన తేవాలి. రైతు సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, పంచాయతీలు తమ బిల్లులు పట్టుకుని ఆ విచారణకు రావాలి.