అమ్మమ్మ ‘కుదుటపడిందా’ అంటే వాడికి అర్థం కాలేదు

పోయిన వారం మా అబ్బాయికి జ్వరం వచ్చి తగ్గింది. ఒంగోలు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, వాడితో మాట్లాడి, “ఒళ్లు కుదుటపడిందా నాన్నా?” అని అడిగింది. పదకొండేళ్ల పిల్లాడు ఏం చెప్పాలో తెలియక ఫోన్ నా చేతిలో పెట్టి, “అమ్మమ్మ ఏదో అడుగుతోంది” అన్నాడు. నేను ఆలోచించకుండా “హెల్త్ సెట్ అయిందా అంటోందిరా” అన్నాను. వాడు వెంటనే “ఆఁ, సెట్ అయింది అమ్మమ్మా!” అని అరిచాడు. అవతల అమ్మకి అర్థం కాలేదు. “ఏంటి నాన్నా?” అంది.

ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకరంటే ఒకరికి ప్రాణం. మధ్యలో నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లయింది. మారతహళ్లి వైపు ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో, లిఫ్టులో, ఆఫీసులో మన నోట ‘సెట్’ ఎన్నిసార్లు వస్తోందో గమనించడం మొదలుపెట్టాను. పెరుగు సెట్ కాలేదు. ఆ చొక్కా నీకు సెట్ కాలేదు. వాళ్లమ్మాయికి పెళ్లి సెట్ అయింది. కొత్త టీమ్‌లో ఇంకా సెట్ అవలేదు. వాళ్లిద్దరికీ సెట్ కాదు. శనివారం నాకు సెట్ కాదు.

ఇవన్నీ ఒక్క మాటతో చెప్పేశాం, సరే. కానీ ఆ చొక్కా సంగతి చూడండి. సెట్ కాలేదంటే ఏమిటి? తెలుగులో చొక్కా ‘పట్టలేదు’ అంటే ఇంకో సైజు తెచ్చుకోవచ్చు. ‘నప్పలేదు’ అంటే ఏ సైజు తెచ్చినా అంతే, ఆ రంగో ఆ తీరో మనకు బాగుండదు. ఒక్క క్రియతో అంత తేడా చెప్పగలిగిన భాష మనది. అలాగే ఇద్దరికీ ‘పొసగదు’ అన్నప్పుడు వాళ్ల స్వభావాలు కలవవని తెలుస్తుంది. శనివారం ‘వీలు పడదు’ అంటే పనుల సంగతి. పెరుగు ‘తోడుకోలేదు’ అంటే, రాత్రి చలికి గిన్నె మీద గుడ్డ కప్పాల్సిందన్న విషయం కూడా గుర్తొస్తుంది. మా పక్కింటి కన్నడ ఆంటీ ఈరోజుకీ పెరుగు తోడుకి ‘హెప్పు’ అనే అంటారు. వాళ్ల మనవరాలూ అదే అంటుంది.

ఇంగ్లీషును తిట్టడానికి ఇది రాయడం లేదు. ఇంగ్లీషులో ‘సెట్’ చాలా గొప్ప మాట. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగైన వివరణ దీనిదే. ఆ ఒక్క క్రియకే 430 అర్థాలు ఇచ్చారు. వివరణ దాదాపు 60,000 మాటలు. తర్వాత ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. ఈ ‘సెట్’ పాత ఇంగ్లీషులో ‘సెట్టన్’ నుంచి వచ్చింది. అసలు అర్థం ‘కూర్చోబెట్టడం’. కూర్చోవడానికి వాళ్లు ‘సిట్’ అంటారు కదా, దాన్నుంచి పుట్టిందే ఇది. కప్పుల సెట్టు, నగల సెట్టు అన్నప్పటి ‘సెట్’ పుట్టుక వేరు. అది చాలావరకు ఫ్రెంచి దారిలో, లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. రెండు వేర్వేరు మాటలు వందల ఏళ్లలో ఒక్కటిగా కలిసిపోయాయి. ఒకటి నిజం, ‘సెట్’ ఎంత పెరిగినా ఇంగ్లీషువాళ్లు దానికోసం ‘ఫిట్’నీ, ‘సూట్’నీ, ‘ఫిక్స్’నీ వదులుకోలేదు. ఎవరి చోటు వారిదే.

‘కూర్చోబెట్టడం’ అన్న ఆ మూలం దగ్గరే నా మనసు ఆగిపోయింది. అలాంటి మాట మనకు ముందే ఉంది. కుదురు.

కుండ కింద, అది దొర్లిపోకుండా పెట్టే చుట్టని కుదురు అంటారు. మా నాయనమ్మ ఎండుగడ్డితో చుట్టేది. మొక్క మొదలుకీ అదే మాట. నాటిన వరిలో ఒక్కో దుబ్బూ ఒక్కో కుదురే. పిల్లల్ని ‘కుదురుగా కూర్చో’ అంటాం. సంబంధం కుదురుతుంది, ముహూర్తం కుదురుతుంది, బేరం కుదురుతుంది. ఒకరోజు పులుసు చక్కగా కుదురుతుంది. జబ్బు కుదురుతుంది. కొత్త ఊళ్లో మెల్లగా కుదురుకుంటాం. మనసు కుదుటపడుతుంది. ఎక్కడ వాడినా, అటూ ఇటూ ఊగుతున్నదేదో ఒకచోట నిలిచి స్థిమితపడిందన్న భావం ఉంటుంది. మా అమ్మ ‘కుదుటపడిందా’ అన్నప్పుడు అడిగింది థర్మామీటర్ అంకె కాదు. నాలుగు రోజులు అల్లాడిన పిల్లాడు స్థిమితంగా ఉన్నాడా అని. నేను చెప్పిన ‘హెల్త్ సెట్’లో అది లేదు. ఆవిడ అడిగిన ప్రశ్న వాడికి చేరనే లేదు.

భాష అన్నాక వేరే మాటలు వస్తాయి, పోతాయి అంటారు. ఒప్పుకుంటాను. వస్తువుతో పాటు వచ్చిన మాటని ఉండనివ్వాలి. సెట్ దోశని సెట్ దోశే అందాం. రెండో మూడో మెత్తటి దోశలు కలిపి, ‘సాగు’ అనే కూరగాయల కూరతో ఇచ్చే ఆ పలహారం ఈ ఊరిది, దాని పేరూ ఈ ఊరిదే. సినిమా సెట్టు, టీవీ సెట్టు, ఏసీ 24కి సెట్ చేయడం, వీటితోనూ నాకు పేచీ లేదు. ఆటో డ్రైవర్‌తోనో, ఆఫీసులో కన్నడ, తమిళ స్నేహితులతోనో ‘సెట్ ఆయ్తా’ అంటే అందరికీ అర్థమవుతుంది. మంచిదే.

కానీ మన ఇంట్లో, మన పిల్లలతో? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లాడికి ఒక మాట ఇంట్లో దొరక్కపోతే బడిలోనో, బస్సులోనో, బజారులోనో దొరుకుతుంది. ఇక్కడ మా వాడికి బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ. కర్ణాటకలో బడిపిల్లలందరూ కన్నడ నేర్చుకోవాలని 2015లో చట్టం కూడా వచ్చింది. అది న్యాయమే, ఈ నేల భాష వాడికి రావాలి. (లిపి దగ్గరిది కావడంతో తెలుగు బోర్డులు కూడా కూడబలుక్కుని చదివేస్తున్నాడు, అదొక సంతోషం.) అయితే తెలుగు వాడికి దొరికే చోటు మా మూడు గదుల ఇల్లు మాత్రమే. ఇక్కడ నేను ఒక మాట వదిలేస్తే వాడికి అది ఇంకెక్కడా ఎదురుపడదు. అందుకే ఆ పూట నేను చేసింది చిన్న తప్పు అనుకోలేకపోతున్నాను. అర్థం చెప్పాల్సిన చోట మాటనే మార్చేశాను.

ఇప్పుడు ఇంట్లో ‘సెట్’ నా నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆగి, సరైన మాట వెతుక్కుని అంటున్నాను. వాడికి అర్థం కాకపోతే విడమరచి చెబుతున్నాను. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే. నా భర్తకీ చెప్పాను. ఆయనా ప్రయత్నిస్తున్నారు.

నిన్న ఆదివారం వాడే అమ్మమ్మకి ఫోన్ చేసి, “నీ మోకాళ్ల నొప్పి కుదిరిందా అమ్మమ్మా?” అని అడిగాడు. అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, “జబ్బయితే కుదురుతుంది నాన్నా, నొప్పి తగ్గుతుంది” అంది. వాడు “మరి ఇంకేం కుదురుతాయి?” అని అడిగాడు. ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు ఇద్దరూ. నన్ను పిలవలేదు.