సవరణ: ‘టైమ్’ స్థాపన, హెన్రీ లూస్ పాత్ర

అమెరికా పత్రికాధిపతి హెన్రీ లూస్‌పై ఇదివరకటి టపాలో, 1923లో ‘టైమ్’ వారపత్రికను ఆయన ఒక్కరే స్థాపించారనీ, దానికి పేరు తెచ్చిన బిగువైన శైలి కూడా ఆయనదేననీ రాశాను. ఆ రెండూ తప్పు. లూస్ జీవితచరిత్రలు, ఆ సంస్థ చరిత్రపై వచ్చిన రచనలు చెబుతున్న ప్రకారం, యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన సహాధ్యాయి అయిన బ్రిటన్ హాడెన్ ఆ పత్రికకు సహవ్యవస్థాపకుడే కాక తొలి సంపాదకుడు కూడా. వాక్యాన్ని తిరగేసి క్రియను కర్తకు ముందు పెట్టడం, రెండు మాటలను అతికి కొత్త పదం పుట్టించడం వంటి పోకడలు ప్రధానంగా హాడెన్‌వి. ఆ తొలి ఏళ్లలో లూస్ ఎక్కువగా వ్యాపార వ్యవహారాలు చూసేవారు. 1929లో హాడెన్ 31 ఏళ్లకే మరణించాక సంస్థ పగ్గాలు లూస్ చేతికి వచ్చాయి. హాడెన్ పేరు మరుగున పడటానికి అదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

లూస్ తెచ్చిన మరో పత్రిక ‘లైఫ్’ పేరు కూడా ఆయన పెట్టినది కాదు. 1883 నుంచి వెలువడుతున్న ఒక హాస్యపత్రికను కేవలం ఆ పేరు కోసమే కొని, 1936 నవంబరులో ఛాయాచిత్రాల వారపత్రికగా తెచ్చారు. ‘అమెరికా శతాబ్దం’ అంటూ 1941లో అందులో లూస్ రాసిన వ్యాసం గురించి, 1930లో వచ్చిన ఆయన వ్యాపార పత్రిక ‘ఫార్చ్యూన్’ గురించి ఆ టపాలో ఉన్న భాగాలలో మార్పేమీ లేదు.