పొగ ఎవరి ఖాతాలో?

1986లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి ఖియాన్ సీ అనే ఓడ బయల్దేరింది. అందులో ఉన్నది చెత్తను కాల్చగా మిగిలిన బూడిద, దాదాపు 14 వేల టన్నులు. దాన్ని దించుకోవడానికి వెళ్లినచోటల్లా కాదన్నారు. చివరికి హైతీలో 'ఎరువు' అని చెప్పి అనుమతి సంపాదించి, గొనాయివ్ దగ్గర సముద్రపు ఒడ్డున సుమారు 4 వేల టన్నులు గుమ్మరించారు. సంగతి తెలిసిన ప్రభుత్వం ఎత్తుకెళ్లమంది. ఓడ ఎత్తకుండానే వెళ్లిపోయింది, ఆ తర్వాత రెండుసార్లు పేరు మార్చుకుంది. మిగతా బూడిదను సముద్రాల్లో కలిపేశారు. హైతీలో పడిన కుప్ప మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండి, చివరికి 2002లో పెన్సిల్వేనియాలోనే, అంటే బయల్దేరిన రాష్ట్రంలోనే, మట్టిలోకి చేరింది.

ఇలాంటి ఘటనల వల్లే ప్రమాదకర చెత్తను దేశాల మధ్య తరలించడాన్ని కట్టడి చేసే బాసెల్ ఒప్పందం 1989లో వచ్చింది. అయినా 'రీసైక్లింగ్' అనే మర్యాదైన పేరుతో ప్లాస్టిక్ చెత్త ఓడలెక్కుతూనే ఉంది. 2018లో చైనా తలుపులు మూసేస్తే అది మలేసియా, వియత్నాం, థాయ్‌లాండ్ దారి పట్టింది.

బూడిద కనీసం కంటికి కనిపిస్తుంది, వెనక్కి పంపమని గొడవ చేయొచ్చు. పొగతో ఆ వీలు లేదు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు, ఒక దేశంలో తయారై మరో దేశంలో వాడే సరుకుల వల్ల వచ్చేదే. కానీ ఐక్యరాజ్యసమితికి దేశాలు ఇచ్చే లెక్కలో పొగ ఎక్కడ వెలువడితే ఆ దేశం ఖాతాలోనే పడుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ మూసేసి, అదే ఉక్కును బయటి నుంచి కొనుక్కున్న దేశానికి మంచి మార్కులు పడతాయి. బ్రిటన్‌నే చూడండి. 1990తో పోలిస్తే దాని సొంతగడ్డ మీది ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాయి. బొగ్గు కరెంటును పూర్తిగా మానేయడం అందులో నిజమైన ఘనతే, కాదనను. అయితే దిగుమతుల్లో దాగిన పొగను కూడా కలిపి చూస్తే ఆ తగ్గుదల అంత గొప్పగా కనిపించదు.

ఇక్కడ చాలామంది ఓడను తిట్టిపోస్తారు. అది పొరపాటని నా అభిప్రాయం. బరువు ప్రకారం చూస్తే ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా సముద్రం మీదే సాగుతుంది. దానికి ఓడలు వదిలేది మొత్తం ఉద్గారాల్లో సుమారు 3 శాతం. టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి లారీ కంటే, విమానం కంటే ఓడ ఎంతో నయం. చలిదేశంలో హీటర్లు పెట్టి పండించిన టమాటా కంటే ఎండదేశం నుంచి తెప్పించిన టమాటాకు తక్కువ పొగ పట్టొచ్చు. బ్రెజిల్ సోయా సంగతీ అంతే. అక్కడి సెర్రాడో అనే చెట్లూ గడ్డీ కలిసిన విశాల ప్రాంతంలో పచ్చని నేలను చదును చేసినప్పుడే అసలు నష్టం జరిగిపోతుంది, ప్రయాణం తర్వాతి మాట. ఆ సోయా తిని పెరిగిన పశువుల మాంసం వేరే ఖండంలో అమ్ముడవుతుంది, నరికిన నేల లెక్క మాత్రం బ్రెజిల్‌కే మిగులుతుంది.

అలాగని ఓడలకు క్లీన్‌చిట్ ఇవ్వలేం. దేశాల మధ్య తిరిగే ఓడల పొగ ఏ దేశం ఖాతాలోనూ పడదు. 1997 నాటి క్యోటో వాతావరణ ఒప్పందం ఆ బాధ్యతను అంతర్జాతీయ సముద్రయాన సంస్థకు అప్పగించింది. ఆ పొగకు ధర కట్టే ప్రతిపాదన 2025 అక్టోబరులో ఓటింగ్ దాకా వచ్చి, ఏడాది వాయిదా పడింది.

కొన్నవాడి దగ్గర లెక్క అడిగే పని ఇప్పుడు యూరోపియన్ యూనియన్ మొదలుపెట్టింది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటి దిగుమతుల్లో దాగిన కార్బన్‌కు 2026 జనవరి నుంచి ధర కడుతోంది. ఆలోచన సరైనదే. అమలులోనే తిరకాసు ఉంది. పొగను కొలిచి కాగితాలు చూపించాల్సింది ఎగుమతిదారు, సొమ్ము చేరేది యూరప్ ఖజానాకు. ఆ ఫ్యాక్టరీ గొట్టం కింద బతికే ఊరికి అందులోంచి ఏమైనా తిరిగొస్తుందా అన్న ప్రశ్నకు ఈ చట్టంలో జవాబు లేదు.