బిట్రగుంట షెడ్డు కొలతలు ఎవరి దగ్గరున్నాయి?

మొన్న కావలిలో చుట్టాల పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర మా బావ అందరి ముందూ అడిగాడు. "ఏంది బావా, ఇంకా ఆ రైలు బొమ్మలతోనే ఆడుకుంటా ఉండావంట?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. విస్తరి ముందు కూర్చుని గొడవెందుకని ఊరుకున్నాను. కానీ ఆ మాట రెండు రోజులుగా లోపల మెదులుతూనే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా మేడ మీద గదిలో నేను కడుతున్నది నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే స్టేషన్ మోడల్. మా తాత ఫైర్‌మన్‌గా బొగ్గు ఎత్తిపోసిన నాటి బిట్రగుంట. లోకో షెడ్డు, బొగ్గు దిబ్బ, ఇంజన్లకు నీళ్లు పట్టే కాలమ్, బూడిద దులిపే గుంత, అన్నీ అసలు దానిలో 87వ వంతు సైజులో. మోడల్ కట్టేవాళ్లు దీన్ని హెచ్‌ఓ స్కేలు అంటారు. పుణెలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి ఉంది, అక్కడున్నదీ ఈ స్కేలే. ఈసారి అటువైపు వెళ్తే పిల్లల్ని తీసుకెళ్లండి. ఒక పెద్దాయన తన ఇష్టాన్ని జీవితాంతం వదలకుండా పట్టుకుంటే ఏం తయారవుతుందో చూడొచ్చు.

బిట్రగుంటే ఎందుకని కొందరు అడుగుతుంటారు. విజయవాడ నుంచి మద్రాసుకి 430 కిలోమీటర్లు. 1899లో తీరం వెంబడి ఈ లైను కలిసింది. ఆవిరి ఇంజను అంత దూరం ఒక్క బిగిన పోలేదు. దారిలో నీళ్లు అయిపోతాయి, బొగ్గు తగ్గుతుంది, బూడిద నిండిపోతుంది, మనుషులు అలసిపోతారు. మ్యాపు తీసి చూడండి, బిట్రగుంట ఆ దారికి ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది. అందుకే పొలాల మధ్య అంత పెద్ద షెడ్డు, యార్డు, వరసలు వరసలుగా రైల్వే క్వార్టర్లు వచ్చాయి. ఆ షెడ్డు కూత వినే మా నాయన బడికి బయల్దేరేవాడట. 1980 ప్రాంతంలో కరెంటు తీగలు వచ్చాయి. ఆవిరి ఇంజన్లు పోయాయి, వాటితోపాటు షెడ్డు పనీ పోయింది. ఇవాళ విజయవాడ నుంచి చెన్నైకి పినాకిని ఎక్కి వెళ్లేవాళ్లలో ఎంతమంది అక్కడ తల తిప్పి కిటికీలోంచి చూస్తారు?

తాత పనిచేసింది డబ్ల్యూజీ ఇంజన్ల మీద. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, అంటే వెడల్పు పట్టా, జీ అంటే గూడ్సు. చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారంలో 1950లో తయారైన మొట్టమొదటి ఇంజను దేశబంధు డబ్ల్యూజీయే. 1970లో మన దేశంలో తయారైన చివరి బ్రాడ్ గేజి ఆవిరి ఇంజను అంతిమ్ సితారా కూడా డబ్ల్యూజీయే. ఇవన్నీ నాకు తాత చెప్పలేదు. ఆయన చెప్పేది వేరే. పొయ్యి నోట్లో బొగ్గు ఎక్కడ ఎంత మందాన పరవాలో, ఒక మూల పలచనైతే ఆవిరి ఎలా పడిపోతుందో చేత్తో గాల్లో పార తిప్పి చూపించేవాడు. రిటైరయిన ఇరవై ఏళ్లకు కూడా ఆ చెయ్యి తిరిగే తీరు మారలేదు.

ఇక మోడల్ సంగతి. హెచ్‌ఓ స్కేల్లో కొనుక్కునే పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది యూరప్, అమెరికా వాళ్ల 1435 మి.మీ. గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కొన్న పట్టా మీద మన ఇంజను పెడితే రెండు కాళ్లూ దగ్గరపెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. చాలామంది దానికి సర్దుకుపోతారు, అది తప్పని నేననను. నేను మాత్రం సర్దుకోలేకపోయాను. తాత నడిచిన పట్టా ఇరుగ్గా ఉండేది కాదు కదా. అందుకని పట్టా నేనే వేసుకుంటున్నా. చెక్కని సన్నగా కోసి స్లీపర్లు చేసి, ఒక్కొక్కటే అంటించి, పట్టా పెట్టి, రెండు వేళ్లకో చోట గేజి చూసుకుంటూ పోవాలి. ఒక అడుగు పొడవు పట్టాకి ఒక సాయంత్రం పడుతుంది.

కంకర కూడా అంతే. చీమకుర్తి నల్ల గ్రానైట్ పొడి తెప్పించి టీ వడకట్టే జాలీతో జల్లెడ పట్టాను. పోస్తే చూడ్డానికి ఎంత బాగుందో! కానీ రెండు రోజుల తర్వాత లైటు వేసి చూస్తే ఏదో తేడా కొడుతోంది. ఆ రాయికి అందమే అందులోని బంగారు మెరుపు. మోడల్లో ఒక మిల్లీమీటరు మెరుపు అసలు యార్డులో 87 మి.మీ. కింద లెక్క, అంటే నిమ్మకాయ కంటే పెద్దది. అలా మెరిసే రాళ్లు ఏ యార్డులోనూ ఉండవు. మొత్తం గీకేసి, మామూలు క్రషర్ పొడి జల్లించి మళ్లీ పోశాను. ఈ పనిని ఆడుకోవడం అంటే నాకు బాధేస్తుంది బావా.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కణ్ణుంచే మొదలు. పట్టా వెయ్యగలను, కంకర పొయ్యగలను. షెడ్డు ఎలా కట్టాలి? గోడ ఎత్తెంత, కిటికీలు ఎన్ని, కప్పు వాలు ఎంత? నా చేతికి ఏ డ్రాయింగూ దొరకలేదు. నా దగ్గరున్నది ఒకే ఒక్క ఫోటో. షెడ్డు గోడ ముందు ఏడుగురు నిలబడ్డారు, ఎడమ నుంచి మూడో మనిషి మా తాత. తాత ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలని నాయన చెప్పాడు. ఫోటోలో స్కేలు పెట్టి కొలిస్తే తాత 41 మి.మీ. ఉన్నాడు. పక్కన కిటికీ 37 మి.మీ. అంటే కిటికీ ఎత్తు దాదాపు అయిదడుగులు. రెండు కిటికీల మధ్య గోడ, ఇటుక వరసలు, అన్నీ అలాగే తాతనే కొలబద్ద చేసుకుని తీశాను. కిటికీ పైన మాత్రం ఫోటో అయిపోయింది. కప్పు లేదు.

ఒక షెడ్డు వందలాది కుటుంబాలకు తిండి పెట్టింది. దాని కప్పు ఎత్తు తెలియాలంటే ఇవాళ ఎవర్ని అడగాలి? అడగాల్సినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మా ఇంట్లోనే చూడండి. తాత వాడిన చేతిలాంతరు, ఎరుపు ఆకుపచ్చ అద్దాలు తిరిగేది, అటక మీద ఉండేది. ఇల్లు రంగులు వేయించేటప్పుడు పాత సామాన్లవాడికి తూకానికి వేసేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. ఎవరినీ ఏమీ అనలేదు, తెలియక చేశారు. కానీ దాని కొలతలు నేను ముందే తీసుకుని ఉంటే సరిపోయేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

మా అత్తగారి ఊరు దొనకొండ వైపు. అక్కడిది ఇంకో కథ. గుంటూరు నుంచి గుంతకల్లు లైను ఒకప్పుడు మీటర్ గేజి, 1000 మి.మీ. పట్టా. దొనకొండలో మీటర్ గేజి షెడ్డు, రైల్వే కాలనీ ఉండేవి. 1990లలో లైను బ్రాడ్ గేజి అయ్యాక ఆ సందడి పోయింది. గిద్దలూరు దాటి నల్లమలలోకి వెళ్తే, 1880లలో కట్టిన దొరబావి వంతెన స్తంభాలు పట్టాల్లేకుండా నిలబడి ఉన్నాయి. జనం వెళ్లి సెల్ఫీలు దిగుతున్నారు, సంతోషం. అక్కడిదాకా వెళ్లినప్పుడు ఒక స్తంభం పక్కన మనిషిని నిలబెట్టి నిండుగా ఒక ఫోటో తియ్యండి. పైకప్పు లేని నా ఫోటోలాగా కాకుండా, మొదలు నుంచి చివర దాకా.

పాతదే గొప్ప, కొత్తది దండగ అనే మనిషిని కాను. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ మొదలైంది. ఒంగోలు, నెల్లూరుల్లో ఆగుతుంది. దాన్ని చూడ్డానికి నేనూ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రాపూరు దగ్గర వెలిగొండల్లో ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తొలిచి కృష్ణపట్నం దాకా గూడ్సులు నడుపుతున్నారు. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా 309 కిలోమీటర్ల నడికుడి-శ్రీకాళహస్తి లైను వేస్తున్నారు. రైలు చూడని ఊళ్లకు రైలొస్తుంటే ఎవరికి ఆనందం ఉండదు?

నా గొడవల్లా ఒకటే. రేపు పొయ్యేవి ఏవో ఇవాళే మన కళ్ల ముందు తిరుగుతున్నాయి. మనం చిన్నప్పటి నుంచీ ఎక్కిన బోగీలు చెన్నైలోని బోగీల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో 1955 నుంచి తయారయ్యాయి, 2018 జనవరిలో ఆ తయారీ ఆగిపోయింది. ముందు ఇటుకరంగు, తర్వాత నీలం. ఇప్పుడు వాటి బదులు జర్మన్ నమూనా ఎల్‌హెచ్‌బీ బోగీలు వస్తున్నాయి. స్లీపర్లో 72 బెర్తులుండేవి, ఎల్‌హెచ్‌బీలో 80. పాత బోగీ కిటికీ అడ్డ ఊచలు, పైకెత్తే షట్టరు, దాన్ని ఆపే చిన్న కొక్కెం, వేలు నలగని ఇల్లు ఉందా మనలో? ఆ కొక్కెం ఎంత పొడవుంటుందో ఎవరైనా చెప్పగలరా? నేను కొలిచాను. ఏడాది కిందట ఒక స్టేషన్లో టేపుతో సిమెంటు బెంచీ కొలుస్తుంటే ఒకాయన వచ్చి "ఏం పని నీకు ఇక్కడ?" అని ఆపేశాడు. సర్దిచెప్పి వచ్చేశాను. మరుసటి నెల వెళ్తే ఆ బెంచీ లేదు, స్టీలు కుర్చీలు వేశారు.

నెల్లూరు స్టేషన్ రూపే మారిపోతోంది. మారనీ, మంచిదే. పడగొట్టే ముందు నాలుగు వైపులా నిలబడి ఫోటోలు తీసి, ఒక టేపు పట్టుకుని కొలతలు రాసుకుంటే ఒక పూట పని. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? అనుమతి అడిగే కాగితం నేను రాసిస్తా, వెంట నేనూ వస్తా.

ఇప్పుడు అసలు అడగాల్సింది. బిట్రగుంట, కావలి, నెల్లూరు, సింగరాయకొండ, ఒంగోలు, దొనకొండ, ఎక్కడున్నా సరే, మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం వాళ్ల ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. షెడ్డు ముందు దిగిన ఫోటో ఏదైనా ఉంటే నాకు పంపండి. పెళ్లి ఫోటో అయినా ఫర్వాలేదు, వెనక షెడ్డు కనపడితే చాలు. మొహాలు మసకబారినా, ఒక మూల చెదలు తిన్నా ఇబ్బంది లేదు. కప్పు కనపడాలి, దాని కింద ఒక మనిషి నిటారుగా నిలబడి ఉండాలి. ఆ మనిషి ఎత్తెంతో మీరు చెప్పండి, మిగతా కొలత నేను తీసుకుంటా.