పాంపేలో దొరికిన బొమ్మ, మన ఫార్వర్డులు

ఇదే మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. 'ఇటలీలోని పాంపేలో 5000 ఏళ్ల లక్ష్మీదేవి విగ్రహం దొరికింది. రోమన్లు లక్ష్మిని పూజించేవారు. అగ్నిపర్వతం కూడా అమ్మవారిని తాకలేకపోయింది. అందుకే తెల్లవాళ్లు రహస్య గదిలో దాచేశారు' అని. మూడుసార్లు ఊరుకున్నాను, ఇక నావల్ల కాదు.

5000 ఏళ్లు తప్పు. ఊరు క్రీ.శ. 79లో పూడిపోయింది, బొమ్మ దాదాపు ఆ కాలానిదే. ఇక మహిమ అంటారా, అదే బూడిద కింద బేకరీల్లో రొట్టెలు కూడా మిగిలాయి.

రహస్య గది ఉన్న మాట నిజమే. నేపుల్స్ మ్యూజియంలో శృంగార శిల్పాలు పెట్టే గదికి ఆ పేరు ఎప్పటినుంచో ఉంది. ఒంటిమీద నగలు తప్ప బట్టలు లేని ఈ బొమ్మనూ అక్కడ చేర్చారు. 2000 నుంచి ఆ గది జనానికి తెరిచే ఉంది.

ఒకటి ఒప్పుకోవాలి. లక్ష్మి అన్న పేరు వాట్సాప్‌లో పుట్టలేదు. 1938లో అక్కడ తవ్వకాలు నడిపిన అమెదియో మయూరీయే బొమ్మను లక్ష్మిగా గుర్తించాడు. ఆ మేరకు మావాళ్లను తప్పుపట్టను. తర్వాత చూసిన పండితుల్లో చాలామంది యక్షి, అంటే ప్రకృతికి, సంపదకు సంబంధించిన ఉపదేవత, అన్నారు.

పూజ సంగతి మాత్రం వదలను. పాంపేలో పరాయి దేవతకు గుడి ఉంటే ఎలా తెలుస్తుందో మనకు తెలుసు, ఈజిప్టు దేవత ఐసిస్ గుడి ఉంది కదా! క్రీ.శ. 62 భూకంపంలో కూలితే ఆరేళ్ల పిల్లవాడి పేరు మీద మళ్లీ కట్టించారని శాసనమే ఉంది. లక్ష్మికి అలాంటి శాసనం ఏదీ? గుడి ఏదీ? ఉన్నది జానెడు దంతపు బొమ్మ ఒక్కటే. దాని నడినెత్తి నుంచి లోపలికి రంధ్రం ఉంది. అద్దం పిడో, చిన్న బల్ల కాలో అయి ఉంటుందంటారు. పూజావిగ్రహానికి నెత్తిన రంధ్రం ఎందుకు చేస్తారు?

నాకు బాధ కలిగించేది వేరే. ఈ కథలో దాన్ని చెక్కినవాడు మాయమైపోతున్నాడు. మహారాష్ట్రలోని తేర్‌లో, భోకర్దన్‌లో ఇలాంటి దంతపు బొమ్మలే దొరికాయి. సాంచీ దక్షిణ తోరణం మీద 'ఈ చెక్కడం విదిశ దంతకారులు చేశారు' అని రాసి ఉంది. ఆ తోరణం మీదే శాతవాహన రాజు శాతకర్ణి శిల్పుల పెద్ద ఆనందుడి పేరూ ఉంది. అంటే మన శాతవాహనుల కాలపు పనివాళ్లు! అలాంటి చేతుల్లో తయారైన సరుకు సముద్రం దాటి ఒక రోమన్ ఇంటికి చేరింది. ఇంత గొప్ప నిజం ఉండగా దాని మీద లేని గుడి ఎందుకు కడతారు?

బొమ్మ అడుగున ఖరోష్ఠి అనే ప్రాచీన వాయవ్య భారత లిపిలో ఒక అక్షరం గీసి ఉంది. ఈసారి పంపేటప్పుడు ఆ అక్షరం ఫొటో కూడా పెట్టండి.