గుట్ట, వాలు, చెరువు చూసినంకనే లేఅవుట్ గీయాలె

వరంగల్ పక్కన పెద్ద నది లేదు. గోదావరి ఉత్తరాన దూరంగ, కృష్ణ దక్షిణాన ఇంకా దూరంగ పారుతయ్, నడుమ మిట్ట మీద మన ఊరు ఉన్నది, ఒక దిక్కు పడ్డ వాన ఆకేరు, మున్నేరు పట్టుకొని కృష్ణకు పోతది, ఇంకో దిక్కు పడ్డది వాగులు దాటి మానేరుల కలిసి గోదావరికి పోతది. అసొంటి చోట కాకతీయులు రాజధాని పెట్టిండ్రు, హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారిండ్రు, ఆ రాజ్యం 1323 దాక నిలబడ్డది. నది లేకుండ అంత పెద్ద పట్నం ఎట్ల బతికిందో తెలుసుకుంటే ఇయ్యాల మన కాలనీలు ఎందుకు మునుగుతున్నయో కూడ అర్థమైతదని మా పత్రిక నమ్మకం.

అంతకు ముందు మనుషులు నీళ్ల ఒడ్డునే ఊర్లు కట్టుకున్నరు. శాతవాహనుల నాటి కోటిలింగాల, గోదావరిల పెద్దవాగు కలిసే కాడ ఉన్నది, ధూళికట్ట, పెద్దబంకూరు కూడ ఆ కాలపు ఊర్లే. ఇంకా పాత మనుషులు ములుగు దిక్కు దామరవాయి గుట్టల మీద రాతి పలకలు నిలబెట్టి సమాధులు కట్టిండ్రు, వాటినే మనోళ్లు రాకాసి గుళ్లు అంటరు. కానీ వరంగల్, జనగామ దిక్కు ఎర్రమట్టి మెట్టచేన్లు, అంటే ఎర్ర చెల్కలు, నీళ్లు పట్టి ఉంచవు, కింద గ్రానైట్ రాయి, వాన పడ్డదంటే జారిపోతది, అక్కడ వరి పండించాలంటే నీళ్లను ఆపాలె.

ఆపిండ్రు. గ్రానైట్ నేల చదునుగ ఉండదు, గుట్టలు, గుండ్లు, నడుమ పల్లం, ఆ పల్లానికి అడ్డంగ కట్ట పోస్తే చెరువైతది, చెరువు నిండినంక మిగిలిన నీళ్లు పోయే చోటే మత్తడి, అది దుంకిన నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో కుంటకు, ఇదే గొలుసుకట్టు. లక్నవరం కాడ గుట్టల నడుమ ఇరుకు సందులకు చిన్న చిన్న కట్టలు కడితే చాలు, మిగతా పని గుట్టలే చేసినయ్. కాకతీయ రాజు గణపతిదేవుని కాలంల పాకాల చెరువు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిన రామప్ప గుడి, దాని దగ్గరి చెరువు, ఇవన్నీ ఒక్క ఆలోచన నుంచి వచ్చినయే, రాజు ఒక్కడే కాదు సామంతులు, సేనానులు కూడ చెరువు తవ్వించుడు పుణ్యమని పోటీ పడ్డరు. 2021ల రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వస్తే మనమంతా సంబురపడ్డం, సంబురపడాలె కూడ, కానీ గుడి మీద ఉన్న ప్రేమల సగమన్న చెరువు మీద ఉండాలె గదా.

ఊరు పెట్టుడుల కూడ లెక్క ఉన్నది. ఇండ్లు గట్టి మిట్ట మీద, కట్ట కింద నీళ్లు పారే తరి పొలం, దూరపు చెల్కల జొన్న, కంది, శిఖంల, అంటే చెరువు నిండితే మునిగే జాగల, నీళ్లు తగ్గినంక పశువుల మేత. ఎవ్వరూ శిఖంల ఇల్లు కట్టలే, ఎందుకంటే ఒక్క పెద్ద వాన పడ్డదంటే అది మళ్ల నీళ్లదే అని అందరికీ తెలుసు. ఓరుగల్లు కోట చూడండి, రాతికోట, అగడ్త, దాని బయట మట్టికోట, లోపల ఏకశిల గుట్ట, అంతా నేలతో కలిసి కట్టిందే.

ఇప్పుడు ఆ నేల మీదనే శిఖం ప్లాట్లు అమ్ముడుపోయినయ్, నాలాలు ఇరుకైనయ్, గొలుసు తెగింది. 2020 ఆగస్టుల, 2023 జూలైల వరంగల్, హనుమకొండ కాలనీలల్లకు నీళ్లొచ్చినయ్, నయీంనగర్ నాలా పొంగుడు చూసినం. వాన ఎక్కువ పడ్డది నిజమే, కానీ పోయే దారి లేకపోవుడు మన చేతుల పని. కరీంనగర్ దిక్కు గ్రానైట్ కోసం గుట్టలకు గుట్టలు కోస్తున్నరు, ఆ రాయి ఎగుమతి ఐతే పైసలొస్తయ్, కానీ గుట్ట మీది వాన కిందున్న కుంటకు ఎట్ల చేరాలె? గుట్ట మళ్ల మొలవదు.

చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయల పూడిక తీసిండ్రు, మంచిపనే, ఒక్కో చెరువును బాగుచేసిండ్రు. మేం అడిగేది చెరువుకూ చెరువుకూ నడుమ ఉన్న నాలా సంగతి. ఏ లేఅవుట్‌కైనా పర్మిషన్ ఇచ్చే ముందు ఆ నేల వాలు, పైన ఏ చెరువు, కింద ఏ చెరువు, మత్తడి నీళ్లు ఏ దారిల పోతయో మ్యాప్ మీద పెట్టాలె, ఆ మ్యాప్ గ్రామపంచాయతీల, వార్డు ఆఫీసుల గోడకు అంటించాలె, ప్లాటు కొనేటోడు చూసుకుంటడు. చెరువు పూర్తిగ నిండితే నీళ్లు వచ్చే హద్దుకు, అంటే ఎఫ్‌టీఎల్‌కు, రాళ్లు పాతి వదిలెయ్యకుండ ప్రతి వానాకాలం ముందు చూసి రావాలె. శిఖంల ఇప్పటికే ఉంటున్న పేదోళ్లను మాత్రం ముందు వేరే చోట ఇల్లు చూపించినంకనే కదిలించాలె, వాళ్లకు ఆ జాగ అమ్మినోళ్ల మీద కేసులు పెట్టాలె. చెరువుకు నీళ్లిచ్చే గుట్టల మీద క్వారీ లీజులు కొత్తగ ఇయ్యొద్దు, ఉన్నయి గడువు తీరినంక రెన్యువల్ చెయ్యొద్దు. ఈ పనులు వచ్చే వానాకాలానికి ముందే మొదలుపెట్టాలె.