చూసి గీస్తే దొంగతనమట!

ఈ మెసేజ్ నాకు పంపినవాళ్లందరికీ కలిపి ఒకేసారి జవాబు రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. "పెద్దయ్యాక పుస్తకం పెట్టుకుని బొమ్మలు నేర్చుకుందామనుకునేవారికి ఏడు చేదు నిజాలు" అని దాని పేరు. చివర్లో మామూలే, నచ్చితే పదిమందికి పంపండి అని. పంపుతున్నారు కూడా. పంపినవాళ్లలో చాలామంది, ఎప్పటికైనా బొమ్మలు నేర్చుకోవాలని ఉందని నాతో అన్నవాళ్లే. ఇది చదివాక ఇక ప్రయత్నించక్కర్లేదని హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టున్నారు. నాకు ఒళ్లు మండింది అందుకే.

చూడనివాళ్ల కోసం ఆ ఏడూ ఇవి. ఒకటి, కళ పుట్టుకతో రావాలి, మొక్కై వంగనిది మానై వంగునా. రెండు, పుస్తకం చదివితే ఈత రాదు, బొమ్మా అంతే. మూడు, చూసి గీసేది, కొలిచి గీసేది కాపీ. నిజమైన ఆర్టిస్టు ఊహలోంచి గీస్తాడు. నాలుగు, కుడి మెదడు పనిచేసేవాళ్లకే బొమ్మలు వస్తాయి. ఐదు, ఏ కళకైనా పదివేల గంటల సాధన కావాలి. ఆరు, ఇలాంటి పుస్తకాలు కొన్నవాళ్లెవరూ మూడో అధ్యాయం దాటరు. ఏడు, ఇప్పుడు ఏఐ గీసిపెడుతుంది కదా, నీకెందుకు శ్రమ.

ఏడోది ముందు వదిలించుకుంటాను. బొమ్మ మాత్రమే కావాల్సినవాళ్లు ఏఐతో గీయించుకోవచ్చు, అభ్యంతరం లేదు. గీయాలనిపించినవాళ్లకి అది జవాబే కాదు.

ఐదోది కూడా అంతే. ఆ పదివేలు ఎక్కణ్నుంచి వచ్చాయో మెసేజ్ రాసినాయన కనుక్కున్నట్టు లేదు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం అది. అందరికంటే బాగా వాయించేవాళ్లు ఇరవై ఏళ్ల వయసుకి సగటున అన్ని గంటలు సాధన చేశారని తేలింది. 2008లో రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ దాన్నొక సూత్రంగా ప్రచారంలోకి తెచ్చాడు. కచేరీ స్థాయి వయొలిన్‌కీ, ఎదురుగా ఉన్న కుర్చీని కుర్చీలా గీయడానికీ ఏం సంబంధం? ఎవరూ మనల్ని మ్యూజియంలో వేలాడదీస్తామని పిలవలేదు.

ఇక పుట్టుక సంగతి. పెద్దయ్యాక చెయ్యి తిరగదంటారు. మీరు సంతకం పెడతారా? బ్యాంకువాళ్లు ఒప్పుకునేలా ప్రతిసారీ ఒకేలా పెడతారా? అయితే బొమ్మకు కావాల్సిన అదుపు మీ చేతిలో ఎప్పుడో ఉంది. నిజానికి చాలామంది పెద్దవాళ్లు గీసే బొమ్మ పదేళ్ల పిల్లలు గీసినట్టే ఉంటుంది. ఎందుకంటే వాళ్లు గీయడం మానేసింది ఆ వయసులోనే. దాన్ని చూపించి, చూశారా చేతిలో కళ లేదు అంటారు. ఆ వయసులో రాయడం మానేసి ఉంటే చేతిరాత కూడా అక్కడే ఆగిపోయేది.

మాను వంగదనేవాళ్లకి ఒక పేరు చెబుతాను: విన్సెంట్ వాన్ గో. చిత్రకారుడినవుతానని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్ల వయసులో. అంతకుముందు చిత్రాలమ్మే సంస్థలో పనిచేశాడు, ఉత్తరాల్లో చిన్న చిన్న బొమ్మలు వేసేవాడు, కాదనను. కానీ కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టింది అప్పుడే, బెల్జియంలోని బొగ్గుగనుల ప్రాంతంలో. ఏం పెట్టుకుని నేర్చుకున్నాడు? షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ కోర్సు షీట్లు. చూసి దించుకోవడానికి అచ్చేసిన బొమ్మలవి. బొగ్గుపెన్సిల్ అభ్యాసాల సంపుటిలో అరవై షీట్లుంటే అరవైనీ దించాడు. అక్కడితో ఆగలేదు, 1890లో, తన ఆఖరి నెలల్లో, అదే సంపుటి మళ్లీ పంపమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. అంతటి చిత్రకారుడయ్యాక కూడా!

అంటే మన మెసేజ్ ప్రకారం ఆయన మొదటి పరీక్షలోనూ తప్పాడు, మూడో పరీక్షలోనూ తప్పాడు.

ఆ మూడోదాని దగ్గరే నాకు అసలు కోపం. మిగతావి చదివి ఎవరైనా నవ్వుకుని వదిలేస్తారు. "చూసి గీస్తే కాపీ, కొలిస్తే మోసం" అన్నమాట మాత్రం కొత్తగా మొదలుపెట్టినవాళ్ల మనసులో ముల్లులా దిగుతుంది. చూసి గీయడానికి పెట్టుకున్న రిఫరెన్స్ ఫొటోను ఎవరైనా చూస్తారేమోనని దాచుకునేవాళ్లు నాకు తెలుసు. స్కేలు వాడినందుకు సిగ్గుపడేవాళ్లు తెలుసు. కళ్లు మూసుకుని ఊహలోంచి ముఖం గీద్దామని కూర్చుని, వచ్చినదాన్ని చూసి నీరసపడి, నాకు రాదులే అని పెన్సిల్ పెట్టేసినవాళ్లకైతే లెక్కలేదు.

ఊహలోంచి గీస్తే ఏమొస్తుందో చూద్దాం. ఒక గ్లాసు తీసుకోండి, పైకీ కిందికీ ఒకే వెడల్పున్నది. బల్ల మీద పెట్టి, కాస్త పైనుంచి కనబడేలా కూర్చోండి. చూడకుండా గీయమంటే దాదాపు అందరూ పైఅంచును బాగా విప్పారిన గుండ్రంగా గీస్తారు, అడుగును తిన్నని అడ్డగీతగా గీస్తారు. గ్లాసు మూతి గుండ్రమని తెలుసు, అడుగు బల్లకు ఆని ఉంటుందని తెలుసు. ఆ తెలిసినదే కాగితం మీదికి వస్తుంది. ఇప్పుడు గ్లాసు వైపు చూడండి. మూతి సన్నగా నొక్కేసిన దీర్ఘవృత్తం. అడుగు అసలు గీతే కాదు, వంపు. పైగా ఆ వంపు మూతి వంపు కంటే కాస్త లోతుగా ఉంటుంది, ఎందుకంటే అడుగు మన కంటి మట్టానికి ఇంకా కిందికి ఉంది. ఈ ఒక్క సంగతి ఎంత ఊహించినా తట్టదు. చూస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ముఖమూ అంతే. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు మధ్యలో ఉంటాయి. నమ్మకపోతే అద్దం ముందు పెన్సిల్ పట్టుకుని కొలుచుకోండి. కొత్తగా గీసేవాళ్లు కళ్లను బాగా పైకి పెట్టేస్తారు. నుదురు, జుట్టు ఉన్నచోట చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి మనసు ఆ భాగాన్ని కుదించేస్తుంది. కళ్లు పైకి జరగ్గానే తలకాయ సగం నరికేసినట్టవుతుంది. అప్పుడు ముక్కు బాలేదని ముక్కును చెరుపుతారు, పెదాలు బాలేవని పెదాల్ని చెరుపుతారు. రబ్బరు అరిగిపోతుంది, తప్పు ఉన్నచోటే ఉంటుంది.

కొలవడం మోసమైతే ఈ తప్పు ఎలా పట్టుకోవాలి? చెయ్యి చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనను వస్తువు పైఅంచుకు ఆనించి, కింది అంచు దగ్గర బొటనవేలు పెడతారు. అదే కొలతతో వెడల్పు ఎంతో చూస్తారు. మోచెయ్యి ఎందుకు వంచకూడదంటే, పెన్సిల్ కంటికి దగ్గరైతే కొలత మారిపోతుంది. అంతే, ఇందులో రహస్యమేమీ లేదు. ఏ డ్రాయింగ్ పుస్తకం తీసినా ఉంటుంది.

1435లోనే ఇటలీలో ఆల్బర్టి అనే పండితుడు, బొమ్మ వేయాల్సిన దృశ్యానికి ముందు దారాల గళ్లున్న పల్చటి తెర కట్టుకోమని రాశాడు. 1525లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అచ్చేసిన కొలతల పుస్తకంలో, కదలకుండా ఒకేచోటి నుంచి చూస్తూ గీయడానికి పరికరాల బొమ్మలున్నాయి. వాన్ గో 1882లో చట్రం చేయించుకుని, దానికి దారాలు కట్టి, అందులోంచి చూస్తూ గీశాడు. వీళ్లందరూ మోసగాళ్లు, మెసేజ్ రాసినాయన ఒక్కడే స్వచ్ఛమైన కళాకారుడు. ఆయన ఊహలోంచి గీసిన గ్లాసు ఒకటి పంపిస్తే చూడాలని ఉంది.

ఇంకొకరి బొమ్మను దించి కింద మన సంతకం పెట్టుకుంటే అది దొంగతనమే, ఎవరు కాదన్నారు? ఫొటో మీద కాగితం పెట్టి గీతలన్నీ తిప్పేయడమే పనిగా పెట్టుకుంటే చూపు పెరగదన్నదీ నిజమే. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయడం ఈ రెండింటిలో ఏదీ కాదు. ఊహలోంచి అలవోకగా గీసేవాళ్లు ఏళ్లతరబడి చూసి చూసి గీసినవాళ్లే. ఆ చూసిందంతా లోపల ఉంది కాబట్టి ఊహ అనిపిస్తుంది.

నాలుగో పాయింటు, కుడి మెదడు. ఇది పాపం ఆయన సొంతం కాదు. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే డ్రాయింగ్ టీచర్ రాసిన 'డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్' నుంచి నలిగి నలిగి ఇక్కడిదాకా వచ్చింది. మెదడు శాస్త్రవేత్త రోజర్ స్పెరీ పరిశోధనల్ని ఆధారం చేసుకుని ఆమె తన పద్ధతిని వివరించింది. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు అర్ధభాగాల మధ్య వంతెనను కత్తిరించిన రోగుల మీద చేసిన పరిశోధనలవి. స్పెరీకి 1981లో నోబెల్ వచ్చింది. కానీ మనుషుల్ని కుడివాళ్లు, ఎడమవాళ్లు అని రెండు కులాలుగా విడగొట్టే మాట అందులో లేదు. తమాషా ఏమిటంటే, ఎడ్వర్డ్స్ ఆ పుస్తకం రాసిందే ఎవరైనా నేర్చుకోవచ్చని చెప్పడానికి. దాన్ని పట్టుకుని కొందరికే వస్తుందని తేల్చాడీయన.

ఆ పుస్తకంలోని మెదడు సిద్ధాంతాన్ని నేనూ సమర్థించను. మరీ సులువు చేసి చెప్పిన సంగతది, ఆ పేజీలు తిప్పేసినా నష్టం లేదు. అభ్యాసాలు మాత్రం గట్టివి. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీని పికాసో గీసిన గీతల బొమ్మ ఒకటుంది. దాన్ని తలకిందులుగా పెట్టి, అలాగే దించమంటుంది. తలకిందులుగా ఉంటే ఇది ముక్కు, ఇది వేలు అని మనసు గబుక్కున పేరు పెట్టలేదు. గీత ఎటు వంగితే అటే పోతుంది చెయ్యి. పూర్తయ్యాక తిప్పి చూసుకుంటే, ఇది నేనే గీశానా అనిపిస్తుంది. కుర్చీని వదిలేసి కుర్చీ కాళ్ల మధ్య ఖాళీల ఆకారాలు గీయమనేది కూడా ఇలాంటిదే. వివరణ తప్పయినా పద్ధతి పనిచేస్తుంది.

ఆరోది, పుస్తకాలు కొని మూడో అధ్యాయం దాటరన్నది. దీనికి నా దగ్గర వాదన లేదు, నిజమే. చాలా ఇళ్లలో ఆ పుస్తకాల మొదటి పేజీలే నలిగి ఉంటాయి. తప్పు చదివేవాళ్లదే అని కూడా అనను. నికొలాయిడిస్ అనే డ్రాయింగ్ టీచర్ పుస్తకం, 'ద నేచురల్ వే టు డ్రా', 1941లో వచ్చింది. గొప్ప పుస్తకం. కాగితం వైపు చూడకుండా వస్తువు అంచు వెంట కంటినీ పెన్సిల్నీ కలిపి నడిపించే అభ్యాసం దాంట్లో చేయించినంత నిష్ఠగా ఇంకెక్కడా చేయించరు. కానీ అందులో అభ్యాసాలు షెడ్యూళ్లుగా విడగొట్టి ఉంటాయి, ఒక్కో షెడ్యూలుకీ పదిహేను గంటలు! పైగా ఎదురుగా కూర్చోవడానికి మోడల్ కావాలి. అది ఆర్ట్ స్కూలు విద్యార్థి కోసం వేసిన టైంటేబుల్. ఉద్యోగం, పిల్లలు, ఇంటిపని ముగించుకుని రాత్రి పదింటికి పెన్సిల్ పట్టుకునే మనిషి దాన్ని ఉన్నదున్నట్టు పాటించాలంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అటు చివర ఇంకో రకం పుస్తకాలున్నాయి. మొదటి మెట్టులో రెండు గుండ్రాలు, రెండో మెట్టులో నాలుగు గీతలు, మూడో మెట్టులో ఈకలతో సహా తయారైన గద్ద. మధ్యలో ఏం జరిగిందో ఆ గద్దకే తెలియాలి. వాటిని మూడో పేజీలో వదిలేసినవాళ్లు తెలివైనవాళ్లు.

అయితే దీన్నిబట్టి అసలు మొదలే పెట్టకండి అనడం ఏం న్యాయం? షెడ్యూలు పక్కనపెట్టి ఒక్క అభ్యాసం తీసుకోండి. నాలుగు రోజులు అదే చేయండి. తర్వాతి అధ్యాయం వదిలేసి మధ్యలోది తీసినా పుస్తకం ఏమీ అనుకోదు.

మిగిలింది రెండోది, ఈత. ఈతకు నీళ్లలో దిగాలి, బొమ్మకు పెన్సిల్ పట్టాలి. చదివితే చాలని ఏ పుస్తకమూ చెప్పలేదు, ప్రతి పేజీలోనూ గీయమనే ఉంటుంది. కానీ పుస్తకానికి ఒక లోటుంది, మెసేజ్ దాన్ని పట్టుకోలేకపోయింది: మనం గీసింది పుస్తకం చూడలేదు. కొలతల తప్పులు మనమే పట్టుకోవచ్చు. బొమ్మను అద్దంలో చూస్తే పక్కకి వాలిన ముఖం వెంటనే బయటపడుతుంది. కాగితాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నా అంతే. ఫోన్‌లో బొమ్మనూ అసలు వస్తువు ఫొటోనూ పక్కపక్కన పెట్టుకున్నా తెలుస్తుంది. కొన్ని అలా దొరకవు. రాయడానికి పట్టినట్టు పెన్సిల్‌ను కొన దగ్గర బిగించి పట్టుకుని వేళ్లతోనే గీయడం, ఒక్క పొడవాటి గీత పడాల్సినచోట భయంభయంగా వెంట్రుకల్లాంటి వంద గీతలు అతికించడం, షేడింగ్‌లో నలుపు దాకా వెళ్లకుండా లేత బూడిద దగ్గరే ఆగిపోవడం. ఇవి చేసేవాళ్లకి కనబడవు. పక్కన నిలబడి చూసే మనిషి చిటికెలో చెప్పేస్తారు. అలాంటి మనిషి మీకు దొరికితే పుస్తకాన్ని కొన్నాళ్లు మూసేసి వాళ్ల దగ్గరే కూర్చోండి.